నాలుగో నంబరులో కదిరప్ప

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఆ సినిమాను నేను పూర్తిగా చూడలేదు. చూడకుండానే మిమ్మల్ని చూడమన్నాను.

మీలో కొందరి ఫోన్లలో ఏదో ఒక సాయంత్రం "ఈ వారం తప్పక చూడాల్సిన ఏడు డాక్యుమెంటరీలు" అని ఒక వరుస వచ్చే ఉంటుంది. అలాంటివన్నీ యంత్రమే తయారుచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మిగతా సగం హోసూరులో ఒక కాంట్రాక్టు ఆఫీసు మూడో అంతస్తులో మేం ఆరుగురం కూర్చుని చేస్తాం. ఇంజనీరింగు చదివి నేను చేసే ఉద్యోగం ఇదే: ఒక్కో సినిమాకు ఒక బొమ్మ ఎంచడం, దాని కింద ఇరవై మాటలు దాటకుండా ఒక వాక్యం రాయడం. "మనసును తాకే" అని వారానికి నలభైసార్లు రాస్తాను. సినిమాలను ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తాను, అదీ మొదటి పది నిమిషాలే.

ఆ జనవరి జాబితాలో మొదటిది తిమింగలాలు. రెండోది హత్య. హత్య లేని జాబితాను మా టీం లీడ్ ఒప్పుకోడు. మూడోది నూడుల్స్ చేసే ఒక ముసలాయన. నాలుగోది హోసూరు గులాబీల మీద ఎవరో తీసిన యాభై నిమిషాల సినిమా. దానికి బొమ్మగా పెట్టడానికి ఐదు ఫ్రేములు పంపారు. నాలుగింటిలో పూలున్నాయి. ఐదోదానిలో మా ఊరి కదిరప్ప మామ ఎర్ర గులాబీని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. మొహం ఉన్న బొమ్మను జనం ఎక్కువగా నొక్కుతారు. అదే పెట్టాను. కింద రాశాను: "తన చేతులతో పూలకు ప్రాణం పోసే ఒక రైతు. మనసును తాకే కథ."

అది ఫోన్లలోకి వచ్చిన రెండో వారంలో శుక్రవారం గురించి మీకు చెప్పాలి. ఆ పొద్దున ఏం జరిగిందో మామ భార్య మంజులత్త చెప్పింది. పగలు జరిగింది ఆయన పనిచేసే చోట కొత్తగా చేరిన ప్రవీణ చెప్పింది. సాయంత్రం జరిగినదానికి నేనే సాక్షిని. మధ్యలో ఖాళీలు నేను పూరించాను, మామూలు వేగంతోనే.

*

ఐదున్నరకు కదిరప్ప వాకిట్లో మెట్టు మీద కూర్చుని కత్తెరకు నూనె పెడుతున్నాడు. రెండు చుక్కల కొబ్బరినూనె స్ప్రింగు దగ్గర, ఒక చుక్క మేకు దగ్గర. జానెడు కత్తెర అది, చిలకముక్కులాంటి వంపు. పదకొండేళ్ల కిందట కృష్ణగిరి బస్టాండు పక్క అంగట్లో సొంతంగా కొనుక్కున్నాడు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. బొటనవేలు ఆనే చోట ఆ రబ్బరు అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. నాలుగైదుసార్లు మూసి తెరిచి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చప్పుడు లేదు. కొక్కెం వేసి స్వెట్టరు జేబులో పెట్టుకున్నాడు.

యాభై ఏడేళ్ల మనిషి. పొట్టి. రోజంతా కుడిచేత్తో కోసి ఎడమచేత్తో మోసి, ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఎడమచేతికి తొడుగు వేసుకోడు. ముళ్ళు తగిలితేనే కొమ్మ తెలుస్తుందంటాడు. అందుకే మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి గీతలు, ఎవరో పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీసినట్టు.

మంజులమ్మ క్యారియరు తెచ్చింది. కింద గిన్నెలో సంగటి, పైదానిలో పితికిపప్పు కూర.

"ఏమయ్యా సినిమాయప్పా, టోపీ పెట్టుకోని పో. మంచు పడతా ఉండాది."

"ఊరకుండు."

"నేనేమంటినిప్పుడు? రాత్రి గురుబరపల్లి నుంచి పాప ఫోన్ చేసినాది. వాళ్ళ వీధిలో అందరి ఫోన్లలోనూ నువ్వేనంట. వాళ్ళత్త అడిగిందంట, మీ నాయన ఇంత బాగుంటాడా అని."

కదిరప్ప మఫ్లరు చెవులకు చుట్టుకుని లేచాడు. ఆ సినిమాను ఆయన ఒక్కసారే చూశాడు, అదీ మేనేజరు ఫోన్లో. ఎందుకు మళ్ళీ చూడలేదో భార్యకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా ఆమె మొహం అంత వెలిగిపోతుంటే ఎట్లా చెప్పడం?

రాయకోట రోడ్డు మీద బస్సు నిలిచే చోట రాతిబల్ల ఉంది. దాని మీద కూర్చుంటే ఆరున్నరకు గులాబీల కంపెనీ వ్యాను వస్తుంది. సొంతానికి ఎకరన్నర రాగిచేను ఉన్నా, ఇరవై ఆరేళ్లుగా ఆయన ఆ వ్యాను ఎక్కుతూనే ఉన్నాడు. కంపెనీకి ప్లాస్టిక్కు కప్పిన షెడ్లు మొదట రెండే ఉండేవి, ఇప్పుడు పద్దెనిమిది. కదిరప్ప కోత మేస్త్రీ. కొత్తగా చేరిన వాళ్ళకు కోయడం నేర్పేది ఆయనే. మూడొందల మందికి నేర్పి ఉంటాడు.

కంపెనీలోకి వెళ్ళగానే ఎప్పటిలాగే మూడో షెడ్డు, పద్నాలుగో సాలు దగ్గరికి నడిచాడు. అక్కడ ఐదు చెట్ల మొదళ్ళకు ఎర్ర దారం కట్టి ఉంది. కట్టింది ఆయనే, మూడేళ్ల కిందట, సినిమావాళ్ళు వెళ్ళిపోయిన సాయంత్రం.

ఆ రోజు ఆ కుర్ర డైరెక్టరు, జుట్టు ముడేసుకున్నవాడు, పువ్వు కాడ పొడుగ్గా రావాలన్నాడు. "ఇంకా కింద, ఇంకా కింద" అని వేలు చూపించాడు.

"ఆడ కోయకూడదు సార్, అది తల్లి కొమ్మ" అన్నాడు కదిరప్ప.

గులాబీ కాడ మీద ఆకులు గుంపులుగా వస్తాయి. కింది నుంచి ఐదేసి ఆకులున్న రెమ్మలు రెండు వదిలి, ఆ పైన కోయాలి. ఆ రెండు రెమ్మల చంకల్లో రెండు కళ్ళుంటాయి. తర్వాతి పువ్వు వాటి నుంచే వస్తుంది. కిందికి దిగి తల్లి కొమ్మకు వేస్తే కాడ మూరెడు పొడుగు వస్తుంది గానీ చెట్టు మళ్ళీ లేవడానికి నెలలు పడుతుంది. కొన్ని లేవనే లేవవు. ఇదంతా ఆయన తెలుగులో చెప్పాడు, తమిళంలో చెప్పాడు. మేనేజరు జనార్ధనరావు, "ఏం కాదులేవయ్యా, ఒక్క చెట్టేగా" అన్నాడు. వెలుతురు కుదరక ఐదుసార్లు తీశారు. ఐదు చెట్లు. చివర్న పువ్వును వాసన చూసి నవ్వమన్నారు. పై దేశాలకు వెళ్ళే ఆ పూలకు వాసన ఉండదు. ముందురోజు కొట్టిన మందు ఘాటు తగిలి కళ్ళు మండాయి. మూసుకున్నాడు. నవ్వమన్నారు కాబట్టి నవ్వాడు.

ఐదింటిలో మూడు కోలుకున్నాయి. ఒకటి ఎండిపోయింది. ఐదోది ఇప్పటికీ గుడ్డి కొమ్మలే వేస్తుంది. ఆకులే తప్ప పువ్వు రాదు. ఆ పొద్దున కూడా కదిరప్ప దాని దగ్గర వంగి కొత్త చిగురును వేళ్ళతో తడిమాడు. కొసన మొగ్గ లేదు. లేచి పనిలోకి వెళ్ళాడు.

ఫిబ్రవరి పద్నాలుగు ఆర్డర్లు పడే కాలం. ఎటు చూసినా బకెట్లు, మొగ్గలకు టోపీలు తొడిగే ఆడవాళ్ళు, వలలాంటి తెల్లని చిన్న టోపీలు. సోమవారం పద్నాలుగు మంది కొత్తవాళ్ళు చేరారు. వాళ్ళను మూడు జట్లు చేసి, కోత తెలిసినవాళ్ళను ముందు కోతకు పంపమన్నాడు మేనేజరు. నేర్పడానికి తీరిక లేదన్నాడు. కదిరప్పను నాలుగో షెడ్డులో వేశారు.

పదకొండు గంటలకు బకెట్లు మార్చుకోవడానికి వచ్చినప్పుడు ఆయన చూశాడు. మూడో షెడ్డు తొమ్మిదో సాలు పక్కన ఒక బకెట్టు. అందులో కాడలు మిగతా బకెట్లకన్నా మూరెడు ఎత్తున నిలబడి ఉన్నాయి. ఒకటి తీసి తిప్పాడు. కాడ అడుగున గోధుమరంగు బెరడు, తల్లి కొమ్మది. సాలు వెంట నడిచాడు. నలభై ఒక్క చెట్లు. అన్నింటి మొదట్లో తడి తడిగా తెల్లని కోతలు.

సాలు చివర ఇరవై నాలుగేళ్ల పిల్ల ఉంది. పేరు ప్రవీణ, అనకాపల్లి వైపు నుంచి వచ్చింది. భర్తది హోసూరులో ఫ్యాక్టరీ పని.

"ఎవరమ్మా ఈ సాలు కోసింది?"

"నేనే బాబాయ్. పొడుగ్గా వచ్చాయి కదా?"

"ఈ మాదిరి కోసేది యాడ నేర్చుకున్నావు?"

"మీ దగ్గరే."

"నేనెప్పుడు చెప్పినానమ్మా నీకు? నువ్వు చేరింది మొన్న సోమవారం."

"ఫోన్లో బాబాయ్! చేరేముందు మా ఆయన చూపించాడు. కోత తెలుసని చెప్పెయ్, ఈ సినిమా చూసుకుని పో అన్నాడు. మీరు కోసే ముక్క ఇరవైసార్లు వేసుకున్నాను." ఆమె కత్తెర ఎత్తి చూపించింది. మణికట్టును ఒక్క రవ్వ బయటికి వంచడం, మోచెయ్యి ఒంటికి ఆనించి ఉంచడం, అన్నీ ఆయనవే. "మొదటి పువ్వు వాసన కూడా చూశాను. ఏమీ రాలేదు. నాకు జలుబు చేసిందేమో అనుకున్నా."

పక్క సాలులో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "ఏమప్పా సినిమా మేస్త్రీ, నువ్వే నేర్పి నువ్వే అడుగుతా ఉండావా?" అంది ఒకామె. ఇంకో రోజైతే కదిరప్ప ఆమెకు రెండింతలు వడ్డించేవాడు. ఆ రోజు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

ప్రవీణకు ఏదో తప్పు జరిగిందని అప్పుడు అర్థమైంది. "బాబాయ్, ఏమైంది? నన్ను తీసేస్తారా?"

"ఇట్ల రా."

ఆయన ఎవరికీ మాటలతో నేర్పలేదు. లేచి ఆమె ఎడమచేతి తొడుగు విప్పించి, బొటనవేలిని పువ్వు కింద ఆనించి, కాడ వెంట మెల్లగా కిందికి జార్చాడు. మూడాకుల రెమ్మ, మూడాకుల రెమ్మ. ఐదాకులది. ఇంకో ఐదాకులది. వేలు ఆపాడు. "ఇంక దిగొద్దు. ఈడ కింద రెండు కండ్లు ఉండాయి. ఒకటి చచ్చిపోయినా ఇంకోటి ఉంటుంది. కండ్లతో చూడొద్దు, వేలుతో చూడు." ఆమె కోసింది. మళ్ళీ కోసింది. ఐదోసారికి ఆయన ఆమె చెయ్యి వదిలేశాడు.

అంతలో జనార్ధనరావు వచ్చాడు. బకెట్టు చూశాడు, సాలు చూశాడు.

"ఎవరిదయ్యా ఈ పని? ఇంత సీజన్లో నలభై చెట్లు! ఎవరు కోశారు?"

ప్రవీణ మొహం తెల్లబడింది. నోరు తెరిచింది.

"నేనే సార్ కోసినాను" అన్నాడు కదిరప్ప.

"నువ్వా?"

"కండ్లు సరిగ్గా తెలీలేదు సార్."

ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషి మీద అరవడానికి మేనేజరుకు నోరు రాలేదు. "సరే. సోమవారం నుంచి కోతకు వద్దులే. టోపీలు తొడిగే దగ్గర కూర్చో. నీడపట్టున ఉంటావు." అదేదో మేలు చేస్తున్నట్టే అన్నాడు. నిజంగానే మేలు చేస్తున్నాననుకున్నాడు కూడా.

ఆయన వెళ్ళాక ప్రవీణ ఏడ్చింది. "ఎందుకలా చెప్పారు బాబాయ్? కోసింది నేను కదా."

"నువ్వెందుకు కోసినావమ్మా? నన్ను చూసి కదా."

మధ్యాహ్నం ఆయన సంగటి సగమే తిన్నాడు. పితికిపప్పు కూర ప్రవీణ గిన్నెలో వేశాడు. తర్వాత సాయంత్రం దాకా నాలుగో షెడ్డులో కోశాడు. బకెట్టు నిండినప్పుడల్లా కత్తెర తుడిచి కొక్కెం వేయడం, మళ్ళీ తీయడం.

*

శుక్రవారాలు నేను ఇంటి నుంచే పనిచేస్తాను. ఐదున్నర దాటాక గేటు దగ్గర దగ్గు వినిపించింది. కదిరప్ప మామ ఇంటికి వెళ్ళకుండా నేరుగా మా ఇంటికే వచ్చాడు. క్యారియరు చేతిలోనే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"పాపా వినుతా, నువ్వు ఆ సినిమాల కంపెనీలోనే కదా చేసేది?"

"అవును మామా."

"నాదొకటి ఉండాది కదా. దాన్ని తీసేయమంటే తీసేస్తారా?"

"ఎందుకు మామా? ఊరంతా సంబరపడుతుంటే!"

అప్పుడు చెప్పాడు. డైరెక్టరు, ఐదు చెట్లు, ఎర్ర దారం, తొమ్మిదో సాలు. తనను కోత నుంచి తీసేసిన సంగతి మాత్రం చెప్పలేదు. అది నాకు ప్రవీణ చెప్పేదాకా తెలియదు.

"మూడొందల మందికి చేతులు పట్టుకోని నేర్పినా పాపా. వాళ్ళెవురూ ఫోన్లో లేరు. తప్పుగా కోసింది ఒక్కటే ఉండాది."

"సినిమా తీసేయడం నా చేతుల్లో లేదు మామా."

"పోనీ ఆ బొమ్మ? వాసన చూసేది. దాన్ని చూసే కదా అందరూ నొక్కతా ఉండేది. ఎవురు పెట్టినారో ఏమో."

బొమ్మ నా చేతుల్లోనే ఉంది. రెండు నిమిషాల పని. లాప్‌టాప్ అక్కడే, తెరిచే ఉంది. కానీ నాలుగో నంబరును జనం తెగ నొక్కుతున్నారని ఆ జాబితాను రెండో వారం కూడా ఉంచారు. ముందురోజే టీం లీడ్ నాకు బొటనవేలు బొమ్మ పంపాడు. ఆరు నెలల్లో మొదటిసారి.

"అడుగుతాలే మామా" అన్నాను. పెట్టింది నేనేనని చెప్పలేదు.

ఆయన తల ఊపాడు. జేబులోంచి కత్తెర తీశాడు. "అయితే ఇంకో పని చెయ్యి. సరిగ్గా కోసేది నీ ఫోన్లో తియ్యి. దాని పక్కన ఇది పెట్టు. చూసేవాళ్ళు రెండూ చూస్తారు." మా వాకిట్లో ఉన్న నాటు గులాబీ చెట్టు దగ్గరికి అప్పుడే నడిచాడు. "ఇదైనా సరే. కోసేది ఒకటే."

పొద్దు వాలిపోయింది. నాకు ఆరింటికి ఆఫీసు కాల్ ఉంది. "వెలుతురు లేదు మామా, ఏమీ కనిపించదు. ఆదివారం పొద్దున తీద్దాం, చక్కగా వస్తుంది."

"వెలుతురు" అన్నాడాయన, నవ్వి. "వాళ్ళూ ఇదే అన్నారు." ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నా పని కూడా ఒక పనే కదా, దానికీ ఒక లెక్క ఉంటుందని ఒప్పుకున్నట్టు అన్నాడు. తర్వాత కత్తెర కొక్కెం వేసి మా కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఆదివారం దాకా ఇది ఈడనే ఉండనీ. రేపు కంపెనీది వాడుకుంటా. ఇంటికి తీసుకుపోతే మీ అత్త దీంతో టెంకాయ పీచు కోస్తాది."

గేటు వేసి వెళ్ళాడు. నేను కాల్‌లో చేరాను.

*

శనివారం ఆరున్నరకు వ్యాను వచ్చినప్పుడు కదిరప్ప రాతిబల్ల మీద కూర్చునే ఉన్నాడు. మఫ్లరు చెవులకు, క్యారియరు ఒళ్ళో. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. కునుకు పట్టిందనుకున్నారు. "ఏమప్పా, సినిమా కల వస్తా ఉండాదా?" అని ఒకామె దిగి భుజం తట్టింది. క్యారియరు ఇంకా వెచ్చగానే ఉందట.

పెద్దకర్మకు ముందు మంజులత్త మా ఇంటికి వచ్చింది. ఇంట్లో పెళ్ళి ఫోటో తప్ప ఇంకేమీ లేదు. "ఆ పువ్వు పట్టుకున్నది పెద్దది చేయించి తెచ్చియ్యమ్మా. ఆయన నవ్వింది అది ఒక్కటే ఉండాది" అంది. హోసూరులో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి తెచ్చిచ్చాను. మందు ఘాటుకు కళ్ళు మూసుకున్న ఆ మొహానికి ఇప్పుడు రోజూ దండ వేస్తోంది.

అప్పుడు ఆఫీసులో కూర్చుని ఆ సినిమా మొదటి నుంచి చివరి దాకా చూశాను, మామూలు వేగంతో. ముప్పై ఒకటో నిమిషంలో ఆయన వస్తాడు. ఎడమ బొటనవేలు పువ్వు కింద నుంచి కాడ వెంట దిగుతుంది. మూడాకులు, మూడాకులు, ఐదాకులు, ఐదాకులు. అక్కడ ఆగుతుంది. సరిగ్గా అక్కడే. అర సెకను. తర్వాత ఫ్రేము బయట ఎవరో ఏదో అన్నట్టు ఆయన తల ఒకసారి ఎత్తుతాడు, వేలు కిందికి జారుతుంది. ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తే ఆ ఆగడం కనిపించదు. ప్రవీణకు ఇరవైసార్లు చూసినా కనిపించలేదు, కోత మీదే ఆమె చూపంతా.

బొమ్మ మార్చాను. వాక్యం కూడా: "ముప్పై ఒకటో నిమిషంలో ఈయన కోసిన తీరు ఈయనది కాదు. వేలు ఎక్కడ ఆగిందో చూడండి." పన్నెండు మాటలే. టీం లీడ్ తిప్పి పంపాడు, జనానికి అర్థం కాదని. ఈలోగా గురువారం వచ్చి జాబితా మారిపోయింది. ఇప్పుడు నాలుగో నంబరులో పెంగ్విన్లు ఉన్నాయి. మనసును తాకుతాయట.

ప్రవీణ మేనేజరుకు నిజం చెప్పేసింది. ఆయన వెళ్ళి పని చూసుకోమన్నాడట. ఆమె తొమ్మిదో సాలులో నలభై ఒక్క చెట్లకూ ఎర్ర దారం కట్టింది. కొన్నింటికి కళ్ళు విచ్చుతున్నాయని నిన్న ఫోన్ చేసి చెప్పింది.

మీ ఇంట్లోనూ ఇట్లా ఎవరో ఒకరు ఒకే ఒక్క ఫోటోలోనో, పెళ్ళి వీడియోలోనో, ఎవరో చెప్పినట్టు నవ్వుతూ మిగిలిపోయి ఉంటారు. వాళ్ళు అసలు ఆ పని ఎట్లా చేసేవాళ్ళో, వేలు ఎక్కడ ఆపేవాళ్ళో మీకు తెలిసే ఉంటుంది. నాకు రాసి పంపండి. ఇరవై మాటలు దాటినా ఫరవాలేదు, మొత్తం చదువుతాను.

కత్తెర మా కిటికీ గట్టు మీదే ఉంది, రబ్బరు అరిగిన చోట కొంచెం తుప్పు పట్టి, ఆయన వేసిన కొక్కెం వేసినట్టే.